కంప్యూటర్లలో దొడ్డితలుపులు

2021వ సంవత్సరము మార్చి నెల తొలిదినములలో తెలంగాణ విద్యుత్తు ప్రసార సంస్థకు సర్ట్-ఇన్ అనెడి కేంద్ర ప్రభుత్వపు కంప్యూటరు రక్షణ విభాగము నుండి యొక హెచ్చరిక వచ్చినది. హైదరాబాదులోని రాష్ట్ర లోడు డిస్పాచ్ కేంద్రపు యంత్రములతో విదేశీయ దుండగుల సర్వర్లు సంభాషింప యత్నించుచున్నవని దాని సారాంశము. అధికారులు వెంటనే యనుమానాస్పదములైన చిరునామాలను నిరోధించిరి, పాస్‌వర్డులను మార్చిరి, దూరమునుండి నడుపబడు పరికరములను వేరుపరచిరి. దీపము లారలేదు. వార్త కొన్ని దినములు పత్రికలలో నడచి మరుగుపడినది.

మరుగుపడదగిన వార్త కాదని మా యభిప్రాయము. లోడు డిస్పాచ్ కేంద్రమనగా ఎచ్చట నెంత విద్యుత్తు పుట్టుచున్నది, ఏ మార్గమున నెంత ప్రవహించుచున్నది, ఎచ్చట తగ్గింపవలయును, ఎచ్చట హెచ్చింపవలయును అను విషయములను క్షణక్షణమును గనిపెట్టి యాజ్ఞల నొసగు స్థానము. జహీరాబాదు ప్రాంతమున చెరకుతోటకు నీరు పెట్టు బోరు మోటారును, పట్టణము చెంతనున్న ట్రాక్టర్ల కర్మాగారమును, సర్కారు దవాఖానాయును, వీథి మలుపునందలి పిండిగిర్నీయును ఆ యాజ్ఞలకు లోబడి నడచునవియే. సోలాపురపు రహదారి మీద నూరు కిలోమీటర్లకు పైబడిన దూరమున నొక గదిలోని కంప్యూటరు పరుల వశమైనచో ఇచ్చటి మడికి నీరందకుండుట సంభవమే. కనుక నిది హైదరాబాదు ఉద్యోగుల యింటి గొడవయని మన రైతులును వర్తకులును తలపరాదు.

ఆ హెచ్చరిక వచ్చిన దినములలోనే, ఫిబ్రవరి 28వ తేదీన, రికార్డెడ్ ఫ్యూచర్ అను అమెరికా సంస్థ యొక నివేదికను బ్రకటించినది. చైనాతో సంబంధము గలదని తాను విశ్వసించు నొక ముఠాకు రెడ్ ఎకో యని పేరిడి, అది మన దేశపు విద్యుత్ సంస్థలపై కన్ను వేసినదని ఆ సంస్థ వ్రాసినది. లక్ష్యములుగా జెప్పబడిన వానిలో దక్షిణ ప్రాంతీయ లోడు డిస్పాచ్ కేంద్రమును, ఢిల్లీ, తెలంగాణ రాష్ట్రముల కేంద్రములును, ముంబయి, తూత్తుకుడి రేవులును గలవు. చైనా ప్రభుత్వము దీనిని నిరాకరించినది. అంతకు ముందు 2020 అక్టోబరు 12న ముంబయి నగర మంధకారమున బడినదానికి గూడ నిదియే హేతువా యని కొందరు శంకింపగా, మానవదోషమే కారణమని నాటి కేంద్ర విద్యుచ్ఛాఖామాత్యులు ఆర్. కె. సింగ్ గారు ప్రకటించిరి. దోషి యెవరను వివాదమును రాయబారులకు విడిచి, ఆ నివేదికలో వినబడిన సాధనమును గూర్చి మేము ముచ్చటింపదలచితిమి. దాని పేరు షాడోప్యాడ్. అది యొక బ్యాక్‌డోరు. మన భాషలో దొడ్డితలుపనిన చాలును.

ఇంటి వీథివాకిలికి ఇనుప కమ్ములు, రెండు తాళములు, కావలివాడు నుండవచ్చును. పెరటి తలుపు గడియ తీసియుండిన ఇవన్నియు నెందుకు? కంప్యూటరులో నిట్టి తలుపును రహస్యముగా నమర్చెడి క్రమణికయే బ్యాక్‌డోరు. యజమాని పాస్‌వర్డుతో దానికి బనిలేదు. కడపటి తాళముల కది జవాబు చెప్పదు. తక్కిన చెడు క్రమణికలతో దీనికి గల భేదమును పాఠకులు చక్కగా గ్రహింపవలయును. దస్త్రములను బాడుచేయు వైరసు తన పని తాను జేసి పట్టుబడును. దస్త్రములకు బీగము వేసి సొమ్మడుగు ర్యాన్సమ్‌వేరు తానే బిగ్గరగా జాటుకొనును. దొడ్డితలుపు మాత్రము ఏమియు జేయనట్లు ఊరకుండును. అది వచ్చినది దోచుకొనుటకు గాదు, ఎప్పుడు కావలసిన నప్పుడు దొంగను రప్పించుటకు.

దక్కను చరిత్ర నెరిగినవారికి గోలకొండ సంగతి చెప్పనక్కరలేదు. 1687లో ఔరంగజేబు ఫిరంగులు దాదాపు ఎనిమిది నెలలు గర్జించియు ఆ గోడలను బడగొట్టలేకపోయినవి. తుదకు అబ్దుల్లా ఖాన్ పనీ యను లోపలి సర్దారు రాత్రివేళ నొక ద్వారమును దెరచెను. అబ్దుర్ రజాక్ లారీ యొడలెల్ల గాయములై పోరాడెను గాని, ద్వారము తెరవబడిన పిదప శౌర్యమువలన నేమి ప్రయోజనము? కోట బలము గోడలో నెంత గలదో తలుపువాని విశ్వాసములోను అంతయే కలదు.

షాడోప్యాడ్ మొదట లోకమునకు దెలిసిన విధము విచిత్రమైనది. 2017లో నెట్‌సారంగ్ అను కొరియా కంపెనీ పెద్ద కార్యాలయముల సర్వర్లను నిర్వహించు క్రమణికలను అమ్ముచుండెను. దుండగులు ఆ కంపెనీలోనికే జొరబడి, వారు తమ ఖాతాదారులకు పంపు నవీకరణములోనే తమ క్రమణికను గలిపిరి. కంపెనీ ముద్రయు సరిగానే యున్నది. ఖాతాదారులు నమ్మి యెక్కించుకొనిరి. ఆ దాగిన క్రమణిక ప్రతి 8 గంటల కొకసారి, తానున్న యంత్రము పేరు మొదలగు స్వల్ప వివరములను బయటి సర్వరునకు జేరవేయుచుండెను. అవతలివారికి ఆ యంత్రము విలువైనదని తోచిన తలుపు తెరచుకొనును; లేదా నిద్రించును. ఒక ఆర్థికసంస్థవారు, తమ యంత్రములు ఎందుకో ఎరుగని చిరునామాల నడుగుచున్నవని గమనించి కాస్పర్‌స్కీ సంస్థకు దెలుపగా ఆ గుట్టు బయల్పడినది.

ఇందు రెండు విషయములు గలవు. మొదటిది, పలకరింపు లోపలినుండి బయటికి బోవుచున్నది. మన కార్యాలయములలో ఫైరువాలు అను కావలి యుండును. అది సాధారణముగా బయటినుండి వచ్చువానిని నిలిపి ప్రశ్నించును; ఇంటివాడు బయటికి బోవుచున్నాడన్న అడ్డగింపదు. దొడ్డితలుపు క్రమణిక ఇంటివాని వేషముననే బయటికి బోయి యాజ్ఞ దెచ్చుకొనును. కావుననే లోనికి వచ్చు రాకపోకలను మాత్రమే కనిపెట్టెడి రక్షణ చాలదు. రెండవది, నమ్మదగిన వర్తకుని సరకులోనే విషము గలిసినది. 2020 డిసెంబరులో బయటపడిన సోలార్‌విండ్స్ వ్యవహారమును ఇట్టిదియే. ఆ కలుషితమైన నవీకరణము సుమారు 18,000 సంస్థలకు జేరినది.

మన పట్టణముల స్థితి యింత గూఢమైనది కాదు. దొంగ యంత శ్రమపడ నక్కరయే లేదు. తహసీలు కచ్చేరి సమీపమున, రిజిస్ట్రారు కార్యాలయము చెంత, బస్‌స్టాండు వద్ద నున్న జిరాక్సు దుకాణములను జూడుడు. ఆధారు కార్డును, పట్టాదారు పాసుపుస్తకమును, బ్యాంకు పాసుబుక్కును రైతులు అచ్చట నకళ్లు దీయింతురు. ఒకే పెన్‌డ్రైవు దినమునకు పదిమంది యంత్రములలో దూరి వచ్చుచుండును. వేలు పోసి కొనవలసిన విండోసును, తెలుగు టైపు క్రమణికలను, ఫొటో క్రమణికలను అనేకులు "క్రాక్" పేర ఉచితముగా సంపాదింతురు. ఆ క్రాకును ఎక్కించుటకు ముందు యాంటీవైరసును ఆపివేయుమని అందే వ్రాసియుండును! కావలికుక్కను గట్టివేసిననేగాని లోనికి రానను నతిథిని ఏ గృహస్థుడైనను ఇంటిలోనికి రానిచ్చునా? కంప్యూటరు విషయమున మాత్రము చదువుకొన్నవారును రానిచ్చుచున్నారు. ఇక మెయిలులో వచ్చు బిల్లు, కొరియరు రసీదు, ఆదాయపు పన్ను నోటీసు అను పేర్లుగల దస్త్రములు కొన్ని; బ్యాంకువారమని ఫోనుచేసి, దూరమునుండి తెరను జూచు ఆప్‌ను మనచేతనే ఎక్కింపించువారు కొందరు. ఈ కడపటి పద్ధతిలో దొడ్డితలుపును యజమానియే స్వహస్తములతో దెరచుచున్నాడు.

ఒకప్పుడు పహాణీ పట్వారీ చేతిలో నుండెను. ఆ వ్యవస్థ దోషములను మేము మరచినవారము కాము. అయినను ఆ పుస్తకమును దిద్దవలెనన్న పట్వారీ యింటికి నడచిపోవలసి యుండెను. 2020 అక్టోబరు 29న ధరణియు, దాని స్థానమున 2025 ఏప్రిల్ 14న భూభారతియు వచ్చిన పిమ్మట భూమి లెక్క లెల్ల కంప్యూటరులోనే నిలిచినవి. ఆ పెద్ద సర్వరును గాపాడుటకు ప్రభుత్వోద్యోగులు గలరు. కాని దానిలోనికి బ్రవేశించు నుద్యోగి పాస్‌వర్డు ఏ యంత్రముపై టైపు చేయబడుచున్నదో ఆ యంత్రమున దొడ్డితలుపున్నచో, సర్వరు గోడ లెంత యెత్తైనను దొంగ యధికారి రూపముననే ముందుద్వారమున బ్రవేశించును.

తెలుగుదేశమున జరిగిన మరియొక సంగతి యీ రోగపు చికిత్సను బోధించును. 2017 మే 12న వానాక్రై యను ర్యాన్సమ్‌వేరు ప్రపంచమెల్ల వ్యాపించి నూటయేబది దేశములలో రెండు లక్షలకు మించిన కంప్యూటర్లకు బీగము వేసినది. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగులను ద్రిప్పిపంపవలసి వచ్చెను. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖలో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్టణము, శ్రీకాకుళము జిల్లాలయందు సుమారు నూరు కంప్యూటర్లు దాని వాతబడినవి. యంత్రమొకటికి 300 డాలర్లు, ఆలస్యమైన 600 డాలర్లు చెల్లింపుమని తెరపై నోటీసు. ఈ వానాక్రై వెనుకను ఒక దొడ్డితలుపు గలదు. దాని పేరు డబుల్‌పల్సర్. దానిని నిర్మించినది ఏ గల్లీదొంగయు గాదు. అమెరికా ప్రభుత్వపు జాతీయ భద్రతా సంస్థ ఆయుధశాలనుండి యపహరింపబడి, 2017 ఏప్రిల్ 14న బహిరంగముగా వెదజల్లబడిన సాధనములలో నది యొకటి. అగ్రరాజ్యము తన శత్రువులకై పదునుపెట్టిన కత్తి నెలదిరుగకుండ ఆంధ్రదేశపు పోలీసు ఠాణా మెడమీద బడినది. లోపము నెరిగియు దానిని మూయింపక, తమ యుపయోగమునకై దాచుకొను ప్రభుత్వముల నీతిని గూర్చి మరియొకమారు వ్రాయుదుము.

ఆ డబుల్‌పల్సర్ కంప్యూటరు జ్ఞాపకములో మాత్రమే నివసించును. డిస్కుమీద తన జాడ నుంచదు. యంత్రము నొకసారి ఆపి తిరిగి నడిపిన మాయమగును. రోగము కుదిరినదని యజమాని సంతసించును. కాని అది ప్రవేశించిన విండోసు రంధ్రము తెరచియే యుండుటచే మరల కొన్ని నిమిషములకే లోనికి రాగలదు. ఆ రంధ్రమును మూయు నవీకరణమును మైక్రోసాఫ్ట్ వారు 2017 మార్చి 14ననే, అనగా ఉపద్రవమునకు దాదాపు రెండు నెలలకు ముందే, విడుదల చేసియుండిరి! దొంగను దరిమి కన్నమును బూడ్చనివానికి మరునాడు మరల దొంగయే. బ్యాక్‌డోరు తొలగింపు విషయమున జనులు చేయు ప్రధానమైన పొరపాటిదియే: యాంటీవైరసు ఎఱ్ఱగీటు చూపిన దానిని తొలగించి, పని ముగిసినదని చేతులు దులుపుకొందురు. వచ్చినవాడు ఏ దారిని వచ్చెను, లోపల నింకెన్ని గడియలు దీసెను, ఏ తాళపుచెవుల కచ్చుదీసికొని పోయెను అను ప్రశ్నలకు జవాబు దొరకనిదే పని ముగియదు.

కావున అనుమానము గలిగినపుడు చేయదగిన దేమి? యాంటీవైరసు తనంత తానే యారిపోవుట, ఎరుగని క్రమణికలు గనబడుట, బాణపుగుర్తు దానంతట కదలుట, మీ ఖాతాలోనికి వేరొక ఊరినుండి ప్రవేశించినట్లు సందేశము వచ్చుట, యంత్రమును వాడని రాత్రివేళ ఇంటర్నెట్టు ఖర్చగుట, ఇవి లక్షణములు. నేర్పరులు పెట్టిన దొడ్డితలుపు ఏ లక్షణమును జూపదని ఎరిగియుండుడు. లక్షణము కనబడగనే మొదట ఇంటర్నెట్టు తీగను లాగివేయుడు, వైఫైని ఆపుడు. బయటి యాజ్ఞ యందకున్న క్రమణిక పక్షవాతము వచ్చినదానివలె బడియుండును. ఆ యంత్రముపై బ్యాంకు పనిగాని, పాస్‌వర్డు మార్పుగాని యెంతమాత్రము చేయరాదు. క్రొత్త పాస్‌వర్డును గూడ దొంగచేతి కిచ్చినట్లగును. వేరొక శుభ్రమైన యంత్రమునుండి మెయిలు, బ్యాంకు, కార్యాలయపు ఖాతాల పాస్‌వర్డులను మార్చి, ఇతర యంత్రములలో తెరచియున్న ఖాతాల నన్నిటిని మూయించి, రెండంచెల ధ్రువీకరణము నమర్చుకొనవలయును.

తరువాత పరీక్ష. నడుచుచున్న విండోసులో నుండి చేయు పరీక్షను గొన్ని క్రమణికలు మోసపుచ్చగలవు. అందుచే విండోసు లేవకముందే పరీక్షించు నాఫ్‌లైను స్కాను ఉత్తమము. విండోసుతో వచ్చు డిఫెండరులోనే యీ సౌకర్యము గలదు, మూల్యము లేదు. మన ప్రభుత్వము 2017 ఫిబ్రవరి 21న బ్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రము గూడ ఉచిత సాధనముల నిచ్చుచున్నది. పెన్‌డ్రైవుల నదుపుచేయు యూఎస్‌బీ ప్రతిరోధ్ వానిలో నొకటి. ఇంత చక్కని యేర్పాటును గూర్చి మన గ్రామపంచాయతీ కార్యాలయముల గోడలమీద నొక్క ప్రకటనయైన నుండదేమి?

స్కాను ముగిసిన పిదప తెలిసినవానిచేత నాలుగు చోట్ల వెదకింపవలయును. యంత్రము లేవగనే మొదలగు క్రమణికల పట్టిక, వేళ కొకమారు నడచునట్లు నిర్ణయింపబడిన పనుల పట్టిక, వెనుక నడచు సర్వీసులు, ఎవరును సృష్టింపని క్రొత్త వాడుకరి ఖాతాలు. బ్యాక్‌డోరు యంత్ర మారిపోయినను మరల బ్రతుకుటకు ఈ చోట్లనే తన వేరు నాటుకొనును. దూరమునుండి యంత్రమును నడుపు క్రమణికలు మీకు దెలియకుండ నున్నచో వానిని తొలగింపుడు.

ఇంతచేసినను మనస్సున శంక మిగిలినయెడల, మిగులుట సహజమే, మా సలహా నిర్మొగమాటముగా జెప్పెదము: పత్రములను, ఫొటోలను మాత్రము వేరు డిస్కునకు నకలు దీసి, వానిని బరీక్షింపించి, యంత్రము డిస్కును పూర్తిగా దుడిచివేసి, అసలైన విండోసును మరల ఎక్కించుకొనుడు. పాత క్రమణికలను నకలు దీయవలదు. పాముతో గూడ పుట్టను మోసినట్లగును. మదర్‌బోర్డులోని మూలక్రమణికలో దాగి డిస్కును దుడిచినను చావని జాతియు 2018లో బయటపడినది. దాని పేరు లోజాక్స్. అది మన దుకాణములకు వచ్చుట బహు అరుదు గనుక భయపడనక్కరలేదు. పెద్ద కార్యాలయములవారు మాత్రము ఎరిగియుండవలయును.

పిదప నవీకరణములు. విండోసు 7నకు 2020 జనవరి 14తోను, విండోసు 10నకు 2025 అక్టోబరు 14తోను సాధారణ పోషణ ముగిసినది. ప్రత్యేకముగా నమోదు చేసికొన్న యంత్రములకు దప్ప క్రొత్త రంధ్రములను మూయువారు లేరు. పాత యంత్రములు చాలవరకు విండోసు 11ను మోయలేవు. వానిని బ్యాంకు, భూమి పనులనుండి తప్పించి, ఇంటర్నెట్టుతో సంబంధము లేని టైపుపనికి వాడుకొనుట మేలు. పాస్‌వర్డు విషయమున నింకొక మాట: దుకాణపు కెమెరాలకు, వాని రికార్డరులకు కంపెనీవారిచ్చిన మొదటి పాస్‌వర్డునే మార్చక యుంచుట మన వాడుక. 2022 ఏప్రిలులో రికార్డెడ్ ఫ్యూచర్ వారు మరల వెలువరించిన నివేదికలో, లడఖు సమీపపు లోడు డిస్పాచ్ కేంద్రములపై కన్నువేసిన దుండగులు ఇతర దేశములలోని ఇట్టి కెమెరాలను, రికార్డరులనే మెట్లుగా వాడుకొనిరని గలదు. ఆ యత్నములు సఫలము కాలేదని మన ప్రభుత్వము చెప్పినది. కిరాణాకొట్టు కెమెరా తన యజమాని కెరుక లేకయే పరదేశపు దొంగకు నిచ్చెన యగుట వింత గాదా!

పెద్దసంస్థల రక్షణ యంతయు జీతగాండ్ర చేతనే కాదు, శ్రద్ధగల యొక్కని కన్నుచేతను జరుగునని 2024లో దెలిసినది. ప్రపంచపు సర్వర్లలో విరివిగా వాడబడు ఎక్స్‌జెడ్ యను ఉచిత క్రమణికలో, రెండేండ్లకు బైగా సేవచేసి నమ్మకము సంపాదించిన యొక మారుపేరువాడు దొడ్డితలుపు నమర్చెను. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీయరు, తన యంత్రములోనికి బ్రవేశించుటకు మామూలు కంటె సుమారు అరసెకను ఎక్కువ పట్టుచున్నదేమని విసిగి, ఊరకుండక వెదకి, మార్చి 29న దానిని లోకమునకు వెల్లడించెను. లేనిచో అది లక్షలకొలది సర్వర్లకు బ్రాకియుండెడిది. అరసెకనును ఉపేక్షింపని యిట్టివారు మన విద్యుత్ కార్యాలయములలో నెందరు గలరు? వారికి కొరతలు దెలుపు స్వాతంత్ర్యము గలదా, లేక తప్పు బయటపెట్టినవానికే మెమో వచ్చునా?

చట్టము మన దేశమున గలదు. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము 43, 66 సెక్షన్ల ప్రకారము అనుమతిలేక యంత్రమున బ్రవేశించుటయు, చెడు క్రమణికను బెట్టుటయు నేరము. 2022 ఏప్రిల్ 28నాటి సర్ట్-ఇన్ ఆదేశము ప్రకారము సంస్థలు ఇట్టి దాడి తెలిసిన 6 గంటలలో తెలుపవలయును. కావున కార్యాలయములవారు పరువునకు వెరచి డిస్కును దుడిచి సాక్ష్యమును జంపరాదు. ముందు నివేదించి, నకలు తీసి, తరువాత శుద్ధిచేయవలయును. సామాన్యులు డబ్బు పోయిన వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయవలయును. గంటలు గడచినకొలది సొమ్ము చేతులు మారుచుండును.

జిల్లా యధికారులకు మా మనవి యొకటి గలదు. సంగారెడ్డి జిల్లాలోని తహసీలు, రిజిస్ట్రేషను, మీసేవ, విద్యుత్ కార్యాలయములలో పోషణ ముగిసిన విండోసుతో నడచుచున్న యంత్రము లెన్ని, వానిని మార్చు గడు వెప్పుడు అను లెక్కను బహిరంగముగా బ్రకటింపవలయును. జహీరాబాదు తహసీలుతో బ్రారంభించిన మాకు సంతసము.